పదిహేడో ఫుట్‌నోట్

మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు, మూడో అంతస్తు చివరి గదిలో, ఆమె వ్యాసం మీద చర్చ మొదలైంది. మూడు గంటల ఐదు నిమిషాల దాకా ఆమె నోరు తెరవకూడదు.

అది ఆ సెమినారు పద్ధతి. చరిత్ర ఆనర్స్ చివరి ఏడాది, ఎనిమిది మంది విద్యార్థులు, ఎనిమిది వారాలు, వారానికొక వ్యాసం. వ్యాసం వారం ముందే అందరికీ పంచాలి. రాసినవాళ్లు ఆ రోజు బల్ల దగ్గర కూర్చోరు. కిటికీ పక్కన విడిగా వేసిన కుర్చీలో కూర్చుని, మిగతా ఏడుగురు గంటసేపు తమ రాతను చీల్చి చెండాడుతుంటే విని ఊరుకోవాలి. తల కూడా ఊపకూడదు. గంట అయ్యాక వాళ్లకు ఒక్క నిమిషం ఇస్తారు. ఆ నిమిషంలో అన్న మాట రిజిస్టరులోకి ఎక్కుతుంది. తర్వాత సెమినారు నడిపే మేడమ్ వ్యాసం మొదటి పుట మీద ఒక మాట రాస్తారు, 'నిలిచింది' అనో 'మళ్లీ' అనో. నిలిస్తే ఆనర్స్. మళ్లీ అంటే వచ్చే ఏడాది, కొత్త బ్యాచ్‌తో, ఇదే కుర్చీ. ఆమెకు ఇంకో ఊళ్లో రీసెర్చిలో సీటు వచ్చింది, ఆనర్స్ కాగితం చూపిస్తే చేర్చుకుంటామన్నారు, ఆ కాగితం ఈ నెలాఖరులోపు చూపించాలి.

కుర్చీకి ఒక కాలు పొట్టి. కుడివైపు ఒరిగితే టక్‌మంటుంది, ఎడమవైపు ఒరిగినా టక్‌మంటుంది, అందుకని రెండు పాదాలూ నేలకు అదిమి కూర్చుంది కానీ పాదాలు మాట వినడం లేదు. పోయిన వారం ఇందులో కూర్చున్న అబ్బాయి గంటసేపూ పెన్ను క్యాపు నమిలాడు, అది ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది, పంటి గాట్లతో. బోర్డు మీద ముందు క్లాసువాళ్లు గీసిన గీత ఒకటి పైకెళ్లి కిందికి దిగుతోంది, ఎవరూ తుడవలేదు. అందరూ రేడియో అని పిలిచే అబ్బాయి వ్యాసం చదువుతున్నాడు. గొంతు బాగుందని ప్రతి వారం మొదటి రెండు పుటలూ అతని చేతే చదివిస్తారు, ఆ పేరు అలా పడింది. తన వాక్యాలు అతని నోట్లో ఎవరివో అన్నట్టున్నాయి. 'ఆ రోజు ఉదయం పది గంటల నాలుగు నిమిషాలకు, దూరపు ఊళ్లకు కాల్స్ కలిపే ట్రంకు ఎక్స్ఛేంజి హాల్లోని నలభై రెండు మంది ఆపరేటర్లు హెడ్‌ఫోన్లు తీసి బోర్డుల మీద పెట్టారు. లేచి నిలబడి బోర్డులకు వీపు తిప్పారు. పదకొండు నిమిషాల పాటు ఆ ఊరి నుంచి ఏ ఊరికీ కాల్ వెళ్లలేదు.' ఈ మూడు వాక్యాలకు నాలుగు నెలలు పట్టింది. మర్నాటి పేపర్లో వచ్చింది రెండు లైన్లు, సాంకేతిక లోపం అని. లోపం కాదు, షిఫ్టులో రెండుసార్లకు మించి బాత్రూముకు పంపనన్న సూపర్‌వైజరు మీద తిరగబడ్డారు, అని ఆమె వ్యాసం. దానికి ఉన్నది ఒకే సాక్ష్యం, పద్నాలుగో సీటు ఆపరేటరు చెప్పిన మాట. వ్యాసంలో ఎక్కడా పేరు రాయలేదు, పద్నాలుగో సీటు అనే రాసింది. పద్నాలుగో సీటు అమ్మకు అక్క, ఆమెకు పెద్దమ్మ.

పొద్దున ఏడూ నలభైకి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, ఇవాళేనా నీ పరీక్ష?"

"పరీక్ష కాదు పెద్దమ్మా, సెమినారు."

"ఏదో ఒకటిలే. తిన్నావా?"

"తిన్నా."

"ఆ పదకొండు నిమిషాల ముక్క తీసెయ్యకూడదూ?"

"అదేంటి! వారం కిందటే పంచేశాను. మొత్తం దాని మీదే ఉంది. ఎందుకు?"

"ఊరికే అన్నాలే. వెళ్లిరా."

పెట్టేసింది. ముందుగా పెట్టేసే అలవాటు పెద్దమ్మకు లేదు, ముప్పయ్యొక్క ఏళ్లు ఆపరేటరుగా చేసిన మనిషి, అవతలివాళ్లు పెట్టేసిన చప్పుడు విన్నాకే తను పెడుతుంది. బస్సులో ఆ 'ఊరికే' వెంట వచ్చింది. మెట్ల మీద వచ్చింది, లిఫ్టు రిపేరులో ఉంది కాబట్టి మూడంతస్తులూ వచ్చింది, ఇప్పుడు ఈ కుర్చీ కింద పొట్టి కాలి దగ్గర కూర్చుంది. ఊరికే ఎందుకు అంటుంది? వ్యాసం ప్రింటు తీసి ఇచ్చిన రోజు కళ్లజోడు తుడుచుకుని మూడు పుటలు చదివింది, మిగతాది తర్వాత చదువుతానని దిండు కింద పెట్టుకుంది. అంటే తర్వాత చదివింది. ఏ పుట దగ్గర ఆగింది?

"ఒక్క సాక్షి." ఇది లాయరు. వాళ్ల నాన్న లాయరు, ఇతను కాదు, కానీ వేలు ఎత్తి మాట్లాడటం ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. "ఒక్క మనిషి మాట మీద ఇరవై ఆరు పుటల మేడ కట్టింది. కింద పునాది చూస్తే ఒక్క ఇటుక."

"రెండో ఇటుక ఎక్కణ్ణించి తెమ్మంటావు? తొమ్మిది మందిని ఉద్యోగం నుంచి తీసేశారు, ఎవరెక్కడున్నారో తెలియదు," అంది రిజిస్టరు రాసే అమ్మాయి, రాయడం ఆపకుండా.

తెలియకపోవడం కాదు, ఐదుగురి చిరునామాలు దొరికాయి. ఐదు ఉత్తరాలు రాసింది. రెండు తిరిగొచ్చాయి, మూడింటికి జవాబు లేదు. ఆ మూడు ఉత్తరాల్లోనూ తనెవరో పరిచయం చేసుకుంటూ పద్నాలుగో సీటు ఆపరేటరు చెల్లెలి కూతుర్ని అని రాసింది, ఆ మాట రాస్తే నమ్ముతారని, తలుపు తీస్తారని. ముగ్గురిలో ఒక్కరైనా ఒక్క ముక్క రాయొచ్చు కదా, చెప్పనని అయినా రాయొచ్చు కదా అని అప్పుడు అనుకుంది. టక్. ఎడమ కాలు లేచింది. మేడమ్ తలెత్తి చూసి మళ్లీ కాగితంలోకి దిగారు.

"నాకు పదిహేడో నోట్ మీద డౌటుంది," అంది ఫుట్‌నోట్. ఆ పిల్ల ఏ పుస్తకమైనా కింది నుంచి పైకి చదువుతుంది.

"నీకు పేజీ పైభాగం కనిపించదా తల్లీ?" అన్నాడు రేడియో.

"పైభాగం చదవడానికి మీరంతా ఉన్నారుగా. కింద నాలాంటి దిక్కులేనివాళ్లు చదవాలి." బల్ల చుట్టూ నవ్వు. ఆమెకూ నవ్వొచ్చింది, నవ్వకూడదు, పెదవి కొరుక్కుంది. ఆ పిల్ల పదిహేడో నోట్ పైకి చదివింది. "'సాక్షి నలభై ఒక్క మంది అని చెప్పారు. హాలు నక్షా ప్రకారం సీట్లు నలభై రెండు. జ్ఞాపకంలో దొర్లిన చిన్న పొరపాటుగా భావించి సరిచేయడమైంది.' ముప్పయ్యొక్క ఏళ్లు అదే హాల్లో కూర్చున్న మనిషి, సీట్లు ఎన్నో తప్పు చెబుతుందా?"

"ఎందుకు చెప్పదు? రోజూ ఎక్కుతావు కదా, ఈ బిల్డింగుకు మెట్లెన్ని?" అన్నాడు లాయరు.

"యాభై నాలుగు."

ఈసారి మేడమ్ కూడా నవ్వారు.

నక్షా చూసిన రోజు ఆమెకు గుర్తుంది, పాత కాగితాల గది, బూజు వాసన, ఆ గదిలో పెన్ను వాడనివ్వరు, పెన్సిలు మొనతో గళ్లు ముట్టుకుంటూ లెక్కపెట్టింది. మూడు వరసలు, వరసకు పద్నాలుగు, నలభై రెండు. మళ్లీ లెక్కపెట్టింది. పెద్దమ్మ తప్పు చెప్పింది! అప్పుడు కలిగింది సంతోషం, దాన్ని ఇంకో పేరుతో పిలవడానికి లేదు. సాక్షి పొరపాటును కాగితంతో పట్టుకుంది, చరిత్రకారులు చేసే పని చేసింది, ఇంటికెళ్లి పదిహేడో నంబరు వేసి ఆ మూడు వాక్యాలు రాసింది, 'సరిచేయడమైంది' అన్న మాట దగ్గర ఆగి, బాగుందనుకుంది. మొదటి క్లాసులో మేడమ్ చెప్పింది నోట్సులో మొదటి పుటలో ఉంది, కింద గీత కూడా ఉంది: సాక్షి మాట కాగితంతో కలవకపోతే దిద్దకండి, వెళ్లి అడగండి. పెద్దమ్మ ఇంటికి బస్సులో నలభై నిమిషాలు. నాలుగు నెలల్లో పదకొండుసార్లు వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ తిన్నది, తాగింది, టీవీ చూసింది. అడగలేదు.

"ఆ రోజు ఒకళ్లు సెలవులో ఉండొచ్చుగా," అన్నాడు పెన్ను క్యాపు నమిలిన అబ్బాయి.

"కుదరదు. ఆరో పుట చూడు. ట్రంకు హాల్లో సీటు ఖాళీ ఉంచరట, మనిషి రాకపోతే ముందు షిఫ్టు ఆమెనే కూర్చోబెడతారట. రాసింది తనే," అంది ఫుట్‌నోట్. తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి, తిరగకూడదని గుర్తొచ్చి మళ్లీ బల్ల వైపు తిరిగాయి.

నలభై రెండు సీట్లు, నలభై రెండు మంది మనుషులు, హెడ్‌ఫోన్లు తీసింది నలభై ఒక్క మంది. తలుపు పైన గడియారం రెండూ ముప్పయ్యొకటి. చెయ్యి ఎత్తాలనిపించింది, ఎత్తకూడదు, చెయ్యిని తొడ కింద పెట్టుకుంది. ఆ ఒక్కరు ఎవరైనా కావచ్చు. సూపర్‌వైజరుకు చుట్టం కావచ్చు, కొత్తగా చేరిన పిల్ల కావచ్చు. పెద్దమ్మకు ఆమె మీద జాలి కావచ్చు, అందుకే తీసెయ్యమంది, ఎవరి పరువో కాపాడుతోంది, పెద్దమ్మ అలాంటిదే. ఈ ఆలోచన కొంచెం నిలబడింది. పాదాలు కూడా నిలబడ్డాయి. బయట ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు, కారిడారు ఆ చివర నుంచి ఈ చివరకు.

"ఇంకొకటి," అన్నాడు లాయరు, వేలు ఎత్తి. "లేచి నిలబడి బోర్డులకు వీపు తిప్పారు. సరే. హాల్లో గోడ గడియారం లేదని నక్షా వివరంలో తనే రాసింది, ఉన్నవి బోర్డుల మీది చిన్న గడియారాలే. మరి వీపు తిప్పిన మనిషికి పది నాలుగు నుంచి పది పదిహేను అని ఎలా తెలిసింది?"

"మెడ తిప్పి చూసుంటుంది," అన్నాడు రేడియో.

"తిరగబడుతూ టైము చూసుకుంటారా ఎవరైనా?"

"మా అమ్మ తిట్టేటప్పుడు కూడా టైము చూసే తిడుతుంది, సీరియల్ మొదలయ్యేలోపు అయిపోవాలని."

వాళ్లు నవ్వుతున్నారు. ఆమె మనసు పెద్దమ్మ వంటగదిలో ఉంది. అక్కడ ఫ్రిజ్ మీద చిన్న కాగితాల కట్ట ఉంటుంది, దారంతో పెన్సిలు కట్టి ఉంటుంది. 9.12 కరెంటు పోయింది. 9.40 వచ్చింది. 4.13 చిట్టి వచ్చింది. 6.02 వెళ్లింది. చిట్టి అంటే తనే. చిన్నప్పుడు అడిగింది, ఇవన్నీ ఎందుకు రాస్తావని. 'టికెట్టు రాసీ రాసీ చెయ్యి ఊరుకోదే,' అంది పెద్దమ్మ. కాల్ కలిపితే టికెట్టు రాయాలి, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయింది. మొదలైన నిమిషం రాయకపోతే మెమో, అయిన నిమిషం రాయకపోతే మెమో. ఎనిమిదో పుటలో ఇదంతా రాసింది, టికెట్టు నమూనా కూడా వేసింది. బోర్డుకు వీపు తిప్పినవాళ్లు టికెట్టు రాయరు. టికెట్టు రాసేవాళ్లకే నిమిషాలు తెలుస్తాయి. పది నాలుగుకు చుట్టూ అందరూ లేస్తే, పది పదిహేనుకు మళ్లీ కూర్చుంటే, ఆ రెండు నిమిషాలూ చూసింది గడియారం వైపు ముఖం ఉన్న మనిషి. బోర్డు ముందు ఉన్న మనిషి. కూర్చుని ఉన్న మనిషి.

రేడియో ఇంకా ఏదో అంటున్నాడు, వినపడటం లేదు, పెద్దమ్మ మాటలు రికార్డు చేసిన టేపు వినపడుతోంది, మూడో ఇంటర్వ్యూ, ముప్పయ్యారో నిమిషం, తను అడిగిన ప్రశ్న: 'నీకు భయమెయ్యలేదా పెద్దమ్మా?' తర్వాత ఫ్యాను చప్పుడు. తర్వాత 'టీ పెడతా ఉండు.' తర్వాత గిన్నె చప్పుడు. కాగితం మీదికి ఎక్కించేటప్పుడు అక్కడ 'విరామం' అని రాసి ముందుకు వెళ్లిపోయింది. తొమ్మిది మందిని తీసేశారు. ఎవరినీ వదలకుండా మిగతావాళ్లకు జీతంలో కోత, బదిలీలు. పెద్దమ్మ ముప్పయ్యొక్క ఏళ్లు అదే సీటు. రిటైరైన రోజు ఇచ్చిన గోడ గడియారం అట్టపెట్టెలోంచి ఈనాటికీ తీయలేదు, మేకు కొట్టే దిక్కు లేదని చెబుతుంది, తను రెండుసార్లు సుత్తి పట్టుకెళ్లింది, గోడ పాడవుతుందంది. ఇంకా ముందు, ఇంకా చాలా ముందు, తనకు ఏడేళ్లు, పెద్దమ్మ వేలు పట్టుకుని బజారుకు వెళ్లింది, ఎదురుగా వస్తున్న ఒకామె పెద్దమ్మను చూసి ఆగి రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లింది, కూరగాయల దుకాణాలన్నీ ఇవతలి పక్కనే ఉంటే. 'ఎవరు పెద్దమ్మా?' 'ఇరవై మూడో సీటు,' అంది పెద్దమ్మ. తను నవ్వింది. మనిషికి సీటు అని పేరేంటని ఇంటికొచ్చే దాకా నవ్వింది. ఇరవై మూడో సీటు తొమ్మిది మందిలో ఉంది. ఆమెకూ ఉత్తరం రాసింది, పద్నాలుగో సీటు చెల్లెలి కూతుర్ని అని.

రెండూ నలభై ఎనిమిది. ఇప్పుడు బల్ల దగ్గర అందరూ వ్యాసం పక్షాన మాట్లాడుతున్నారు, అది ఇంకా కష్టంగా ఉంది. శైలి బాగుందంటున్నారు. ఉత్తరాలు రాయడం బాగుందంటున్నారు. లాయరు కూడా దిగొచ్చాడు, గడియారం సంగతి ఒక ఫుట్‌నోట్‌తో సరిపోతుందన్నాడు. ఇంకో ఫుట్‌నోట్! నిమిషం వచ్చాక లేచి, సాక్షి మెడ తిప్పి చూశారు అంటే చాలు, నిలుస్తుంది, నెలాఖరుకు కాగితం వస్తుంది. పెద్దమ్మ కాదనదు. తన గురించి రాసినదాన్ని దిండు కింద పెట్టుకున్న మనిషి, కాదనడానికి వారం తీసుకుని, తీసెయ్యకూడదూ అని మాత్రమే అనగలిగింది. లేదా ఉన్నది ఉన్నట్టు చెప్పేయొచ్చు, నలభై రెండో మనిషి నా సాక్షే అని, అప్పుడు వ్యాసం ఇంకా బలపడుతుంది, అది కూడా తెలుస్తోంది, ఒప్పుకోలేని మనిషి చెప్పిన సాక్ష్యం, మేడమ్‌కు అలాంటివి ఇష్టం. రిజిస్టరులోకి ఎక్కుతుంది. బీరువాలో ఇరవై ఏళ్ల రిజిస్టర్లు ఉన్నాయి, ఎవరడిగినా తీసి ఇస్తారు. తనకు తెలిసింది ఊహ. అడగలేదు కాబట్టి ఊహ. ఊహను పెద్దమ్మ నెత్తిన పెట్టి బీరువాలో తాళం వేయాలి. నలభై ఒకటిని నలభై రెండు చేసినప్పుడు కూడా ఇంతే నమ్మకంగా ఉంది. ఫుట్‌నోట్ ఎనిమిదో పుట తీసి టికెట్టు నమూనా మీద వేలు పెట్టి చూస్తోంది. తర్వాత తలెత్తి కిటికీ వైపు చూసింది, నియమం ఉన్నా చూసింది, చూసి పుట మూసేసింది.

"టైమైంది," అన్నారు మేడమ్. "నీ నిమిషం."

లేవగానే కుర్చీ టక్‌మంది. బల్ల వైపు తిరిగి మొదలుపెట్టింది.

"పదిహేడో ఫుట్‌నోట్ తప్పు. సాక్షి పొరపాటు పడలేదు, ఆమె చెప్పిన లెక్కే సరైనది. నక్షా చూసి నేను దిద్దాను. వెళ్లి అడగాల్సింది, అడగలేదు." గడియారం ఇంకా ఇరవై సెకన్లే తిరిగింది. "పదకొండు నిమిషాలు నిజం. మిగతాది అడిగాక రాయాలి. ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను."

"ఒక్క ఫుట్‌నోట్‌కి?" అన్నాడు రేడియో. "పిచ్చా నీకు?"

"నిమిషంలో ఎవరూ అడ్డు రాకూడదు," అన్నారు మేడమ్. గడియారంలో నిమిషం పూర్తయింది. తర్వాత మేడమ్ అడిగారు, "నెలాఖరు సంగతి తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

మేడమ్ కలం మూత తీసి, మొదటి పుట మీద 'మళ్లీ' అని రాసి, తేదీ వేశారు. రిజిస్టరు రాసే అమ్మాయి ఆమె అన్న వాక్యాలు రాసి, కింద 3.07 అని వేసి, సంతకానికి ఇటు తిప్పింది. ఆమె సంతకం చేసింది. వెళ్తూ వెళ్తూ ఫుట్‌నోట్ ఆమె ముందు నీళ్ల సీసా పెట్టి వెళ్లింది.

కారిడార్లో ఈడ్చిన కుర్చీలు గోడ పక్కన ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. 3.15కు ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తింది పెద్దమ్మ.

"అయిందా? ఏమన్నారు?"

"అయింది. పెద్దమ్మా, నువ్వు చెప్పింది నలభై ఒకటే కదా? నేనే మార్చాను."

అవతల ఫ్యాను చప్పుడు. పెట్టేస్తుందేమోనని చూసింది. పెట్టేయలేదు.

"ఆ పదకొండు నిమిషాల్లో ఎన్ని కాల్స్ కలిపావు?"

ఫోన్ తెర మీద నిమిషం మారింది. 3.16.

"నాలుగు," అంది పెద్దమ్మ. "అందులో ఒకటి కలవలేదు."